ఆఖరున పడిన పేరు

5 జనవరి

నా నెంబరుకు నేనే మెసేజ్ పెట్టుకోవచ్చంట. మా అంగడి శీనన్న అట్లనే పెట్టుకుంటాడు, ఫ్లెక్సీ సైజులు మర్చిపోకుండా. నేనూ పెట్టి చూస్తాండా.

వచ్చింది.

6 జనవరి

అమ్మ ఫోన్ చేసింది. గుంటూరు పక్క మిరపకాయ కోతలు మొదలైనాయంట. నాయనకు చేతులు మండుతాండాయంట. తిన్యావా అనింది. తిన్యా అన్నా. ఇంగేం అనింది. ఇంగేం లేదన్నా. పెట్టేసింది.

కోసిగిలో ఇంటికి తాళం. ఉగాదికి వస్తారు సుగ్గి కూలి పనుల నుంచి. నన్నూ రమ్మన్యారు, నేనే పోలా. కర్నూల్లో ఉండి ఫ్లెక్సీ పని నేర్చుకుంటా అన్నా. అంగడి వెనకాల గది. ఫ్లెక్సీ మిషన్ ఆపేస్తే శానా గమ్మున ఉంటాది.

9 జనవరి

బట్టల అంగడి నాగసుబ్బయ్య సెట్టి కొడుకు ప్రదీపన్న వచ్చినాడు అంగడికి. సినిమా తీస్తాండాడంట యూట్యూబ్‌లో పెట్టేకి. పేరు గుండ్రాయి. హీరో ఆయనే. దుడ్లు వాళ్ల నాయనవి. డైరెక్టర్ వంశీ అన్న. ఓర్వకల్లు పక్కన ఆయన ఊర్లోనే తీస్తారంట, చేన్లు వాళ్లవే, రాళ్ల గుట్ట కూడా వాళ్ల చేన్లోకే దిగుతాదంట.

పోస్టర్ అడిగేకి వచ్చినాడు. మల్లా సినిమాలో మొదట్లో పేర్లు పడతాయి గదా శీనా, అవి ఏసేటోళ్లు ఎవరన్నా ఉండారా అన్నాడు. శీనన్న నన్ను చూపించినాడు. వీడు మాట్లాడడు గానీ అక్షరం తప్పు పోనీడు అన్నాడు. ప్రదీపన్న నన్ను చూసి చేస్తావా రా అన్నాడు. తల ఊపినా. నోరు లేదా అన్నాడు. నవ్వినా.

ఎనిమిదోదాంట్లో బడి ఇడ్సినా. అక్షరాలన్నీ ఈ అంగట్లో నేర్చుకున్నవే. చచ్చిపోయినోళ్ల పేర్లు, పుట్టినరోజోళ్ల పేర్లు, గెలిచినోళ్ల పేర్లు. సినిమాకు ఏసేది ఇదే ఫస్టు.

అమ్మకు చెప్పల్ల. రేపు చెప్తా.

11 జనవరి

శీనన్న చెప్పిన మాట ఒకటి రాసి పెట్టుకుంటా. ఫ్లెక్సీ అంటే రంగులు కాదురా, పైన ఎవరు కింద ఎవరు అనేదే పని. నిజమే. పైన పెద్ద లీడర్లు, మధ్యలో మన లీడరు నిలువెత్తు, ఆయన పక్కన దుడ్లు పెట్టినోడు, కిందికి పోయే కొద్దీ మనిషి సన్నబడతాడు. అట్టడుగున బొట్టుబిళ్లంత మొకాలు. ఎవరివో వాళ్లకే తెలియల్ల.

పోయినేడు ఒకాయన వాళ్ల చిన్నాయన కొడుకు మొకం కింద తన మొకం పడిందని బ్లేడు తెచ్చి ఫ్లెక్సీ నడిమికి కోసేసినాడు. శీనన్న ఏమనలా. మల్లా ఒకటి కొట్టిచ్చినాడు, ఇద్దరినీ ఒకే ఎత్తులో పెట్టి. అది కూడా కోసినారు, ఈసారి చిన్నాయన కొడుకు.

14 జనవరి

పండగని అంగడి మూసినారు. శీనన్న వాళ్ల ఊరికి పోయినాడు. సినిమాలు చూస్తాండా ఫోన్లో. సినిమాలు అంటే పేర్లే. పేర్లు అయిపోతానే ఆపేసి ఇంగోటి పెడతాండా. కథ చూడను.

ఏ సినిమా అయినా ఒకటే వరస. ముందు హీరో. పేరు పడతానే డప్పులు. తర్వాత హీరోయిన్. తర్వాత కొంచెం పెద్దోళ్లు ఇద్దరిద్దరు. ఆ తర్వాత ఒకే బొమ్మలో ఎనిమిది మంది తొమ్మిది మంది, చదివేలోపల పోతాది, రైలు పెట్టెలు పోయినట్ల. ఇంగ అయిపోయినాయి అనుకుంటాం. అప్పుడు పాట తగ్గిపోతాది. మరియు అని పడతాది. రొంతసేపు ఏమీ ఉండదు. అప్పుడు ఒక్క పేరు. పెద్దాయన ఎవరో ఉంటాడు, ఆయన్ది.

ఆయన పేరు ఎవరి కిందా లేదు. ఎవరి పక్కనా లేదు. ఒక్కడే ఉండాడు.

ఒక్కడే ఉండేది గూడా గౌరవమే కొన్ని తావుల.

19 జనవరి

ఆదివారం. ప్రదీపన్న షూటింగ్‌కు రమ్మన్యాడు, పేర్ల వెనకాల పెట్టేకి రాళ్ల ఫొటోలు తీసుకోమని. నంద్యాల బస్సెక్కి ఓర్వకల్లు దాటినాక దిగినా. ఆడ నన్ను అందరూ ఏయ్ ఫ్లెక్సీ అంటాండారు. ఏయ్ ఫ్లెక్సీ ఆ గొడుగు పట్టుకో. పట్టుకున్యా.

మధ్యాహ్నం బిర్యానీ వచ్చింది. అందరూ గుంపుగా కూచున్యారు. నేను యాడ కూచోవల్లనో తెల్దు. ఫొటోలు తీసుకుంటాండట్ల రాళ్ల అవతలకి పోయినా. ఆడ ఒకాయన ఒక్కడే జొన్నరొట్టె తింటాండాడు. హీరో నాయన వేషం ఆయన్ది. పేరు ప్రేమయ్య. వంశీ అన్న వాళ్ల ఊరే, చర్చి వీధి. ముందు బేతంచెర్లలో బండల పాలీషుకు పోతాండె, దుమ్ముకు దగ్గు పట్టుకుని మానుకున్నాడంట. బిర్యానీ పడదంట. నన్ను చూసి రొట్టె తుంచి చెనక్కాయల పొడి ఏసి చేతిలో పెట్టినాడు. పేరేమి అని అడగలా ముందు. తినేదాకా అడగలా.

ఓబుళేశు అన్నా.

అహోబిలం సామి పేరు అన్నాడు. మా ఏసు సామికి మీ సామికి మధ్యన ఒక్క రొట్టె ఉండాదిలే అని నవ్వినాడు. దగ్గు వచ్చింది.

సాయంత్రం ఆయన సీను. కొడుకు వస్తాడని రాతి గుండు మీద నిలబడి చూసేది. మాట ఒక్కటే. వస్తాడులే. అంతే. ఆయన ఆ మాట అన్యాడు, అని అట్లనే చూస్తాండాడు రోడ్డు పక్క. వంశీ అన్న కట్ చెప్పేది మర్చిపోయినాడు. నేను గూడా రోడ్డు పక్క చూసినా, ఎవరన్నా వస్తాండారేమోనని.

బస్సుకు పోతాంటే వెనక నుంచి పిల్చినాడు. ఓబుళేశా. ఏయ్ ఫ్లెక్సీ అనలా.

"పేర్లు ఏసేది నువ్వంట గదరా. నా పేరు యాడ ఏస్తావు?"

"మంచి తావున ఏస్తా తాతా" అన్నా.

ఆ పొద్దంతా నేను మాట్లాడింది నా పేరు, ఈ మాట. రెండే.

20 జనవరి

వస్తాడులే.

24 జనవరి

ప్రేమయ్య తాత ఫోన్ చేసినాడు అంగడికి. పనేం లేదంట. బువ్వ తింటివా అని అడిగేకి చేసినాడంట. తిన్యా అన్నా. ఏం బువ్వ అన్నాడు. ఇంతవరకు ఎవరూ ఏం బువ్వ అని అడగలా. అబద్ధం చెప్పేకి కాలా. ఏం తినలా అన్నా. తిట్టినాడు. పోయి ఉగ్గాని తిని వచ్చినా.

2 ఫిబ్రవరి

పేర్ల పని మొదలుపెట్టినా.

ప్రదీపన్న పేర్లన్నీ వాట్సాప్‌లో పెట్టినాడు. వాళ్ల నాయన పేరు ఫస్టు, శ్రీ ఏసి. మల్లా హీరోగా ఆయన. మల్లా హీరోయిన్ శిల్ప. ఇంగ మిగిలినోళ్లంతా ఒకే బొమ్మలో ఏసేయ్ రా అన్నాడు. ఆ గుంపులో నాలుగోది ప్రేమయ్య. ఐదోది పాల ప్యాకెట్లు తెచ్చిన పిల్లోడు, ఒక సీన్లో నడుస్తాడు.

9 ఫిబ్రవరి

వంశీ అన్న అంగడికి వచ్చినాడు. పేర్లు చూపిమన్యాడు. డైరెక్టర్ పేరు సినిమాల్లో ఏసినట్లనే అన్నిటికన్నా ఆఖరున పెట్టినా, పెద్దగా, ఎరుపులో. ఆయన మొకం మారిపోయింది.

ఆఖరునా, నేనేమన్నా టీ గ్లాసులు కడిగేటోన్నా అన్నాడు. సినిమాల్లో డైరెక్టర్‌ది ఆఖరునే పడతాదన్నా అని శీనన్న చెప్పినాడు నా బదులు. వంశీ అన్న ఇనలా. మా ఊర్లో మా నాయన చూస్తాడప్పా, మా చిన్నాయనలు చూస్తారు, ఆళ్లకు సినిమా రూల్సు తెల్దు, ముందు పడితే పెద్దోడు, ఎనక పడితే చిన్నోడు, అంతే అన్నాడు. నాగసుబ్బయ్య సెట్టి కన్నా ముందు ఏయాలంట.

దానికి ప్రదీపన్న ఒప్పుకోలా. ఫోన్లో కొట్లాడుకున్నారు. ఆఖరుకు ఒకే బొమ్మలో ఎడమ పక్క సెట్టి, కుడి పక్క వంశీ అన్న, ఒకే ఎత్తులో. శీనన్న స్కేలు పెట్టి కొలిచినాడు కంప్యూటర్ మీద.

ఇప్పుడు ఆఖరు తావు ఖాళీ.

10 ఫిబ్రవరి

ఆ ఖాళీ తావు ఎవరికి అని నేను అడగలా. ఎవరూ చెప్పలా.

ప్రేమయ్య పేరు గుంపులోంచి తీసినా. ఆఖరున నలుపు ఏసి, పాట ఆపేసి, మరియు అని పెట్టి, రొంత ఎడం వదిలి, ఒక్కని పేరే ఏసినా. అక్షరాలు తెలుపులో కొంచెం పసుపు కలిపి, జొన్నరొట్టె మాదిరి. వెనకాల గుండు ఫొటో, ఆయన నిలబడిందే.

ఇరవై మాట్లు చూసింటా. పడతానే ఒళ్లు జలదరిస్తాది.

వంశీ అన్న వాళ్లకు తెల్దు గానీ తాతకు తెలుస్తాది. ఆయన కళాకారుడు గదా. చెప్పకుండా ఉంటా. చూసి ఆయనే తెలుసుకోవల్ల.

12 ఫిబ్రవరి

నా పేరు ఏసి చూసినా. టైటిల్స్ ఓబుళేశు. తావు సరిపోలా. తీసేసినా.

13 ఫిబ్రవరి

ఇంగోసారి ఏసినా. ఫాంట్ బాగలేదు. తీసేసినా.

16 ఫిబ్రవరి

ప్రదీపన్న అన్నీ చూసినాడు. ఆయన పేరు పడేకాడ డప్పులు ఇంగా గట్టిగా పెట్టమన్యాడు. ఆఖర్న ప్రేమయ్య పేరు చూసి ఆగినాడు.

"ముసలాయనకు ఒక్కనికే ఎందుకురా ఇంత?"

"సినిమాల్లో అట్లనే ఉంటాదన్నా" అన్నా.

మల్లా చూసినాడు. ఆఖరునే గదా, పోనీలే అన్నాడు.

ఒప్పుకున్నాడు. నేను గెలిచినా. ఇంతవరకు నేను ఎవరి దగ్గరా ఏమీ గెలవలా.

మిగిలినోళ్ల పేర్లన్నీ అడిగినాడు, కెమెరా, పాట, కార్లు ఇచ్చినోళ్లు. టైటిల్స్ ఎవరు అని అడగలా. బిజీగా ఉండాడు. నేను గూడా చెప్పలా. నాకు అట్లాంటివి పట్టవు.

2 మార్చి

ఈ పొద్దు సినిమా ఏసినారు, వంశీ అన్న ఊర్లో, వాళ్ల గోడౌన్ గోడకు తెల్లగుడ్డ కట్టి. దీపాలు పెట్టే యాళకు జనం నిండిపోయినారు. ముందు కుర్చీలు, దాని వెనక పట్టలు. చర్చి వీధోళ్లు అన్నిటికన్నా ఎనక, ట్రాక్టర్ కాడ. తాత కొత్త చొక్కా ఏసుకున్నాడు, మడతలు ఇంగా పోలా. పక్కన వాళ్లావిడ రాహేలమ్మ అవ్వ. నన్ను చూసి తాత చెయ్యెత్తినాడు. రమ్మన్యాడు. ల్యాప్‌టాప్ కాడ ఉండల్ల అని సైగ చేసినా.

పేర్లు మొదలైనాయి. సెట్టి, వంశీ అన్న పేర్లకు ఈలలు. ప్రదీపన్నకు డప్పులు, పేపర్లు ఎగరేసినారు. శిల్పకు ఇంగా ఎక్కువ. గుంపు పేర్లు పోయినాయి. కెమెరా పోయింది, కార్లు పోయినాయి.

నలుపు వచ్చింది. పాట ఆగింది. మరియు.

నేను తెర చూడలా. ఆయన్నే చూస్తాండా.

ఆ ఎడంలో అంతా నిశ్శబ్దం. నేను పెట్టిన నిశ్శబ్దమే. ప్రేమయ్య అని పడింది. అప్పుడు టీ అంగడి బసవరాజు గట్టిగా అన్యాడు. "ఆఖరుకు సందు దొరికిందప్పా ప్రేమయ్యకు, తలుపు ఏసే ముందర." అంతా నవ్వినారు. కుర్చీలోళ్లు, పట్టల మీదోళ్లు, పిల్లోళ్లు. తాత గూడా నవ్వినాడు.

నవ్వినాడు గదా. అంటే ఏమీ అనుకోలా.

సినిమా అయినాక చూస్తే లేడు. దగ్గు వచ్చి ఇంటికి పోయింటాడు. చలి ఉండాది.

3 మార్చి

తాతకు ఫోన్ చేసినా. ఎత్తలా. చేన్లో ఉంటాడు.

4 మార్చి

సిగ్నల్ ఉండదు ఆ ఊర్లో.

6 మార్చి

రింగ్ అయితాండాది. సిగ్నల్ ఉంటేనే గదా రింగ్ అయ్యేది.

7 మార్చి

నవ్వినాడు. నేను చూసినా.

11 మార్చి

ప్రదీపన్న అంగడికి వచ్చి స్వీట్లు ఇచ్చినాడు, సినిమా బాగా చూస్తాండారంట యూట్యూబ్‌లో. తాత సీను గురించి శానామంది కామెంట్లు పెట్టినారు. ఈ పెద్దాయన ఎవరు అని. పేరు ఆఖర్న ఏసినాం గదా చూస్కోండి అని ఎవరూ జవాబు పెట్టలా. నేను టైప్ చేసినా. పంపలా.

15 మార్చి

ఈ పొద్దు రాహేలమ్మ అవ్వ వచ్చింది అంగడికి.

ఈస్టరుకు చర్చికాడ నాటకం ఉంటాది, ఏడాదీ ఒక ఫ్లెక్సీ ఏపిస్తారు. అడుగుదామని వచ్చిందంట. సైజు చెప్పింది, మల్లా ఇప్పుడొద్దులే అనింది. ముసిలి వేషం ఎప్పుడూ ఆయన్దే, ఈ ఏడు ఆడనంటాండాడు, ఆయన లేకపోతే నాటకమే లేదు అనింది. నా పక్క చూడకుండా చెప్పింది ఇదంతా, శీనన్నకు చెప్పినట్ల. పోయేకి లేసి నా కాడ నిలబడింది.

"మంచి తావున ఏస్తానంటివంట గద అబ్బోడా."

నేను కీబోర్డు పక్క చూసినా.

అప్పుడు చెప్పింది. వయసులో తాత ఊరూరా నాటకాలు ఆడేటోడంట. రాజు వేషం. తెర లేస్తే ఊరంతా కళ్లార్పకుండా చూసేదంట. కరపత్రంలో మాత్రం తెర లాగేటోని పేరు కింద ఏసేటోళ్లంట ఆయన పేరు. నాటకం అయినాక బువ్వకాడ ఆఖరు పంక్తి. కిరీటం తీస్తానే ఆఖరు పంక్తి అనింది. ఇన్నేండ్లకు ఒక పిల్లోడు నాకు మంచి తావు ఇస్తాండాడు అని నీ గురించి బసవరాజు అంగడికాడ అందరికీ చెప్పుకున్నాడు, అందుకే అబ్బోడా ఆ నవ్వు అనింది.

తిట్టలా. తిడితే బాగుండు. పోయేముందు నా చొక్కాకు గుండీ ఊడిపోయిందని చెప్పింది.

16 మార్చి

మరియు అంటే గౌరవం అవ్వా.

అవ్వా అది పెద్దోళ్లకు ఏసేది.

అవ్వా అదే మంచి తావు.

ఇప్పుడు వస్తాండాయి మాటలు. నా నెంబరుకు.

18 మార్చి

ప్రదీపన్న కాడికి పోయినా, బట్టల అంగడికి. చీరలు ఇప్పి చూపిస్తాండాడు. శానాసేపు నిలబడినా. పేర్లు మార్చి మల్లా ఏద్దామన్నా అన్నా. ఎందుకు అన్నాడు. ప్రేమయ్య పేరు ముందుకు తెద్దామన్నా. తీసి మల్లా పెడితే చూసినోళ్ల లెక్కంతా పోతాదిరా అన్నాడు. ఆయనొచ్చి అడిగినాడా అన్నాడు. లేదన్నా. మరి నీకేంరా నొప్పి అన్నాడు. ముందుకు తెస్తే వంశీ వాళ్ల నాయన ఊరుకుంటాడా అన్నాడు. చీరల ఆవిడ మా ఇద్దర్నీ చూస్తాండాది. వచ్చేసినా.

అయినా ముందుకు తెస్తే మంచి తావు పోతాది గదా. అది నేను ఆయనకిచ్చిన తావు. దాన్ని తీసేస్తే, తప్పు ఏసినా అని నేనే ఒప్పుకున్నట్ల. తప్పు కాదు గదా అది. తప్పే అయింది.

20 మార్చి

వాయిస్ మెసేజ్ మాట్లాడినా తాతకు. ఇంటే నా గొంతు ఎవరిదో మాదిరి ఉండాది. తీసేసినా.

అమ్మ ఫోన్ చేసింది. ఏందిరా గొంతు అట్లుండాది అనింది. దుమ్ము అన్నా.

23 మార్చి

ఆదివారం. పోయినా.

తాత ఇంటి ముందర బండ మీద కూచోని మంచం నులక బిగిస్తాండాడు. నన్ను చూసి లేసినాడు. నాకంటే ఎంత పెద్దోడు, లేసి నిలబడినాడు. రాండి సార్ కూచోండి అన్నాడు. రాహేలమ్మా, సార్ వచ్చినాడు నీళ్లు తేవే అన్నాడు. ఎగతాళి కాదు. అట్లే మాట్లాడతాడేమో తెలియనోళ్లతో.

నా పేరు పిలుస్తాడని చూస్తాండా. పిలవలా.

నీళ్లు తాగినా. మాట్లాడల్లని బస్సులో అంతా అనుకుంటా వచ్చింటి. ఏదీ రాలా. ఫోన్ తీసినా. ఒక పెద్ద సినిమా పెట్టి ఇచ్చినా, పేర్లు పడేది. ఆయన చూసినాడు. హీరో. హీరోయిన్. గుంపులు. మరియు. ఎడం. ఆ పేరు పడతానే తాత, ఈయనెంత పెద్ద ఆర్టిస్టు, ఎందుకు ఆఖర్న ఏసినారు పాపం అన్నాడు. ఇంగోటి పెట్టినా. దాంట్లోనూ ఆఖర్న పెద్దాయనే. ఇంగోటి. ఈసారి మరియు పడతానే తాత ఫోన్ దగ్గరకు తెచ్చుకున్నాడు. ఇంగోటి పెట్టు అని ఆయనే అన్నాడు.

ఆఖరుకు గుండ్రాయి పెట్టినా. ఆయన పేరు పడింది. పాట లేదు. కోడి అరుస్తాండాది యాడనో.

ఫోన్ తిరిగి ఇచ్చినాడు. నులక అందుకున్నాడు. కొంచెం బిగించినాడు. అప్పుడు అన్యాడు.

"నీకు తెలుసు. ఇప్పుడు నాకూ తెలిసింది. టీ అంగడికాడ కూచునేటోళ్లకు ఎవరు చెప్తార్రా ఓబుళేశా?"

పేరు పిల్చినాడు. రా అన్యాడు. నా జవాబు కోసం చూడలా. గౌరవం దోసిట్లో నీళ్ల మాదిరిరా, ఊరు చూస్తేనే ఉన్నట్ల అన్నాడు. నాటకంలో మాట కావచ్చు. నువ్వు పోయిరా, బస్సు పోతాది అన్నాడు. ఈస్టరుకు ఆడు తాతా అన్నా. చూద్దాంలే అన్నాడు. చూద్దాంలే అంటే లేదని.

ఇంగ టీ అంగడి సంగతి రాయల్ల. బస్సు ఆగేది బసవరాజు అంగడి ముందరే. బెంచీ మీద ఐదారుమంది. నేను చెట్టు లేని పక్క ఎండలో నిలబడినా, వాళ్లతో మాట్లాడకుండా. బసవరాజే గుర్తుపట్టినాడు. ఏమప్పా పేర్లోడా, ఈసారి ఎవర్ని తోకకు కడ్తావు అన్నాడు. నవ్వినారు. నేను గూడా నవ్వినా. నవ్వు వచ్చేసింది, ఎప్పుడూ మాదిరి. అప్పుడు గుర్తొచ్చింది, తాత గూడా ఇట్లే నవ్వినాడని.

బస్సు కనపడింది దూరంగా.

అంగట్లోకి పోయినా. ఫోన్ తీసి బసవరాజు ముందర పెట్టినా, టీ గ్లాసుల మధ్యన. ఏంది అన్నాడు. చూడన్నా అన్నా. ఇంగేం రాలా నోటికి. తాతకు చూపించిన పెద్ద సినిమా పేర్లు పడతాండాయి. ఒకరొకరే లేసి వచ్చినారు, సినిమా అంటే ఎవరైనా వస్తారు. మరియు కాడ ఆపినా. ఎవరు పడతారో చెప్పండి అన్నా. ఒకాయన సరిగ్గా చెప్పినాడు, ఆ పెద్ద ఆర్టిస్టు పేరు. చిన్నోడనా ఆఖర్న ఏసినారు అని అడిగినా. చిన్నోడేంది, ఆయన ముందర హీరో గూడా నిలబడలేడు అన్నాడు ఆయన. అని ఆగిపోయినాడు.

బస్సు వచ్చింది, ఆగింది, పోయింది.

బసవరాజు గుడ్డతో గ్లాసు తుడుస్తాండాడు. తుడిచిందే తుడుస్తాండాడు. అంటే మా వంశీ కన్నా, సెట్టి కొడుకు కన్నా, ప్రేమయ్య పెద్దోడంటావు అన్నాడు. అప్పుడు ఎవరూ నవ్వలా. అది వేరే మాట అయిపోయింది. అందరూ నన్నే చూస్తాండారు. ఇంతమంది నన్ను ఎప్పుడూ చూడలా.

"ఆ సినిమాలో అవునన్నా" అన్నా.

ఒకాయన బీడీ ఆర్పినాడు. ఫోన్ తీసుకుని బయటికి వచ్చి రోడ్డెమ్మడి నడిచినా ఓర్వకల్లు దాకా. గెలిచినానో లేదో తెల్దు. ఎండ శానా ఉండె.

24 మార్చి

ఏమీ కాలా. ఫోన్ రాలా.

30 మార్చి

ఉగాది. అమ్మోళ్లు రాలా. కోతలు ఇంగా ఐపోలేదంట. ఉగ్గాని తిన్యా.

10 ఏప్రిల్

పొద్దున్నే ఫోన్. తాత.

హలో లేదు, ఏం లేదు. ఫ్లెక్సీ సైజు చెప్పినాడు. రాసుకో ఓబుళేశా అన్నాడు. నాటకం ఆడతాండావా తాతా అన్నా. బసవరాజు రోజూ అడుగుతాండాడురా, మరియు ప్రేమయ్యా టీ తాగుతావా అని, సగం ఎగతాళి సగం నిజం అన్నాడు. సగం చాలులే, ఈ వయసులో అంతా నిజం తట్టుకోలేను అన్నాడు. నవ్వినాడు. దగ్గినాడు. ఈ నవ్వు వేరే, నాకు తెలుస్తాది ఇప్పుడు.

పేర్లు చెప్తాంటే రాసుకున్యా. పాస్టరు గారు, సంఘ పెద్దలు, పిల్లోళ్లు, దేవదూతలు నలుగురు. ఆయన పేరు మధ్యలో చెప్పినాడు, అందరితో కలిపి. ఆఖర్న ఏయనా అన్నా. వద్దు అన్నాడు.

"సినిమాలో నీ పేరు యాడుందిరా? రెండు మాట్లు చూసినా. కనపళ్లా."

తావు సరిపోలేదు తాతా అన్నా.

పక్కన రాహేలమ్మ అవ్వ ఏదో అంటాండాది.

"ఆఖర్న మరియు అని ఏయి. కొంచెం ఎడం వదులు. ఓబుళేశు అని ఏయి. ఒక్కనిదే."

నేనేం చేసినానని అన్నా. బస్సు పోగొట్టుకున్యావంట గదా అన్నాడు. పెట్టేసినాడు.

శీనన్న బువ్వకు పోయినాడు. నేనొక్కన్నే కంప్యూటర్ కాడ కూచున్యా. అన్ని పేర్లూ ఏసినా. దేవదూతల పేర్లు ఒకే ఎత్తులో పెట్టినా. మరియు ఏసినా. నా పేరు ఏసినా. తీసేయలా.

ఎడం ఎంత వదలాల్నో ఆయన చెప్పలా. శానా వదిలినా.